టైంషేర్ వంతు: కంపెనీ దగ్గర కొత్తది కొనడమా, పాత మెంబర్ చేతిలోది తీసుకోవడమా?

మా చిన్నాయన అనంతపురంలో గవర్నమెంటు హైస్కూల్ హెడ్‌మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన బీరువాలో ఇంటి పత్రాల పక్కనే ఒక నీలం ఫైలు ఉంటుంది. పదేళ్ల కిందట బైపాస్ దగ్గర ఒక హోటల్ హాల్లో, చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు గంటలు మాటలు విని సంతకం పెట్టి తెచ్చుకున్న ఫైలు అది. పాతికేళ్ల పాటు ఏడాదికి ఏడు రాత్రులు రిసార్టుల్లో ఉండే హక్కు అందులో ఉంది. పదేళ్లలో ఆయన వాడుకున్నది రెండే రెండు ట్రిప్పులు. ఇప్పుడు దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని చూస్తున్నాడు.

ఆయన దగ్గర పనిచేసిన సైన్సు మాస్టరు ఒకాయన దాన్ని కొందామనుకున్నాడు. ఇద్దరు చిన్నపిల్లలు, భార్య కూడా టీచరే. సరిగ్గా అదే వారంలో ఆయనకు కంపెనీ నుంచి ఫోనొచ్చింది. "పాత మెంబర్‌షిప్ తీసుకుంటే బెనిఫిట్లు రావు సార్, కొత్తది తీసుకోండి, ఈ వారమే ఆఫరుంది" అన్నారట. నేను ఇన్‌కంటాక్స్ రిటర్నులు, జీఎస్టీ లెక్కలు రాసే పని చేస్తాను, కాగితాలు చదవడం అలవాటు. అందుకే ఇద్దరూ కలిసి ఆ నీలం ఫైలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. ఆ సాయంత్రం వాళ్లకు చెప్పినవీ, తర్వాత నేను చూసి తెలుసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. కర్నూలు, కడప, అనంతపురంలో ఇలాంటి ఫైళ్లు ఇంకా చాలా బీరువాల్లో ఉన్నాయని నా పనిలో నాకు కనబడుతూనే ఉంది.

టైంషేర్ అంటే బావిలో వంతు

మా పక్క పల్లెల్లో అన్నదమ్ములు వేరుపడితే భూమిని గట్లు వేసి పంచుకుంటారు. బావిని అలా పంచుకోవడం కుదరదు. అందుకే వంతులు పెట్టుకుంటారు. పెద్దోనికి రెండు రోజులు, నడిపోనికి రెండు రోజులు, చిన్నోనికి రెండు రోజులు. ఎవరి వంతు రోజున వాళ్లు మడికి నీళ్లు కట్టుకుంటారు. మోటారు కాలిపోతే మాత్రం ఖర్చు అందరూ పెట్టుకోవాలి, ఆ నెల పైరు పెట్టనోడు కూడా. బావులు ఎండి బోర్లు వచ్చినా చాలా చోట్ల ఈ పద్ధతి పోలేదు.

టైంషేర్ కూడా ఇదే. రిసార్టులో గది చాలామందిది, ఏడాదిలో కొన్ని రోజులు మీ వంతు. 1960ల్లో యూరప్‌లో ఈ వ్యాపారం మొదలైంది. తర్వాత అమెరికాలో బాగా పెరిగింది. ఒక ఊళ్లో ఉన్న వంతును ఇంకో ఊళ్లో వంతుతో మార్చుకునే ఏర్పాటు కోసం 1974లో అక్కడ ఆర్‌సీఐ అనే ఎక్స్ఛేంజ్ కంపెనీ పుట్టింది. మన దేశంలో స్టెర్లింగ్ హాలిడేస్ 1986లో, క్లబ్ మహీంద్రా నడిపే మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. మన దగ్గర టైంషేర్ అనే మాట కన్నా "హాలిడే మెంబర్‌షిప్" అనే మాటే ఎక్కువగా వినబడుతుంది.

ఫైల్లో తరచుగా కనబడే మాటలు నాలుగు. మెంబర్‌షిప్ ఫీజు అంటే చేరేటప్పుడు ఒకేసారి గానీ, ఈఎంఐల్లో గానీ కట్టే పెద్ద మొత్తం. ఏఎస్ఎఫ్ అంటే ఏటా కట్టాల్సిన చందా, కొన్ని కంపెనీలు దీన్నే మెయింటెనెన్స్ అంటాయి. బావి పోలికలో మోటారు ఖర్చు ఇదే. సీజన్ అంటే ఏడాదిలో ఏ వారాల్లో మీ వంతు వస్తుందో చెప్పే రంగు. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని నాలుగు రంగులు, అందరూ పోవాలనుకునే రోజులు పర్పుల్‌లో ఉంటాయి. గది సైజు అంటే స్టూడియోనా, ఒక బెడ్‌రూమా, రెండా అన్నది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దీని జాడ ఉండదు

మాస్టరు మొదట అడిగింది ఇదే. "ప్లాటు కొనేటప్పుడు ఈసీ తీస్తాం కదా అన్నా, దీనికి ఏం తీయాలి?"

ఏమీ దొరకదు. అమెరికాలో టైంషేర్ చాలా చోట్ల స్థిరాస్తి లాగే రిజిస్టరై, వారసులకు పోతుంది. మన దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యేది వాడుకునే హక్కు మాత్రమే. గడువు ఉంటుంది, అది తీరాక హక్కు కూడా తీరిపోతుంది. గది, స్థలం కంపెనీవే. 2010లో చెన్నైలోని ఇన్‌కంటాక్స్ ట్రిబ్యునల్ స్పెషల్ బెంచి మహీంద్రా హాలిడేస్ కేసులో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. మెంబర్ చేరేటప్పుడు వచ్చే ఫీజంతా ఆ ఒక్క ఏడాది ఆదాయం కాదు, ఎందుకంటే రాబోయే ఏళ్లన్నిటిలో సేవ చేసే బాధ్యత ఆ డబ్బుకు ముడిపడి ఉంది అన్నారు. అంటే కంపెనీ అమ్మింది పాతికేళ్ల సేవ, మనం కొన్నది ఆ సేవకు ఒప్పందం.

ఈ ఒక్క సంగతి వల్లే పాతది కొనడం, కొత్తది కొనడం రెండూ వేరువేరు పనులయ్యాయి. ఒప్పందంలో హక్కుతో పాటు బాధ్యత కూడా ఉంటుంది. ఏటా ఏఎస్ఎఫ్ కడతానని మా చిన్నాయన రాసిచ్చాడు. హక్కును ఇంకొకరికి ఇవ్వడానికి దారులుంటాయి గానీ, బాధ్యతను అవతలి పక్షం ఒప్పుకోకుండా మరొకరి నెత్తిన పెట్టడం కుదరదు. కాబట్టి కంపెనీ ఒప్పుకుని, తన రికార్డులో పేరు మార్చేదాకా అమ్మకం పూర్తి కాదు. చిన్నాయన, మాస్టరు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని, డబ్బు చేతులు మారినా, కంపెనీ లెక్కలో మెంబర్ చిన్నాయనే. బండి అమ్మి ఆర్‌సీ మార్చకపోతే చలానాలు ఎవరి పేరున వస్తాయో, ఇక్కడ ఏఎస్ఎఫ్ బిల్లులూ వాళ్ల పేరునే వస్తాయి.

కంపెనీ దగ్గర కొంటే

పూర్తి గడువు వస్తుంది. సీజన్, గది సైజు మనమే ఎంచుకోవచ్చు. ఈఎంఐ ఉంటుంది. కొత్త మెంబర్లకు ఇచ్చే వోచర్లు, ఎక్స్ఛేంజ్ కంపెనీలో మొదటి కొన్నేళ్ల సభ్యత్వం లాంటివి ఉంటాయి. వీటన్నిటికన్నా విలువైనది ఇంకొకటుంది, అమ్మేవాళ్లు దాని గురించి పెద్దగా చెప్పరు. సంతకం పెట్టాక మనసు మార్చుకుని డబ్బు వెనక్కి అడిగే గడువు. యూరోపియన్ యూనియన్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం ఇది 14 రోజులు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7. మన దేశంలో టైంషేర్ కోసమే చేసిన ప్రత్యేక చట్టం లేదు. అందువల్ల ఈ గడువు ఉందా, ఎన్ని రోజులు, ఎంత కోసుకుని ఇస్తారు అన్నది ఆ కంపెనీ అగ్రిమెంటులో రాసుంటేనే ఉన్నట్టు.

మరి ధర ఎందుకంత ఎక్కువ? మాల్‌లో డ్రా కూపన్లు రాయించుకునే కుర్రాళ్ల జీతం దగ్గర్నుంచి హోటల్ హాలు బాడుగ, భోజనాలు, గిఫ్టులు, సేల్స్‌మన్ కమిషన్ దాకా అన్నీ ఆ ధరలోనే ఉంటాయి. కొత్త మెంబర్‌ను పట్టుకోవడం ఈ వ్యాపారంలో పెద్ద ఖర్చు. మనం బయటికొచ్చి మర్నాడే అమ్మబోతే ఆ ఖర్చును ఎవరూ మనకు తిరిగి ఇవ్వరు. అందుకే పాతవాటి ధర అంతలా పడిపోతుంది. వస్తువు చెడిపోయి కాదు.

ఇంకో మాట. హాల్లో నోటితో చెప్పినవి వేరు, ఫైల్లో ఉన్నవి వేరు కావడం ఈ రంగంలో పాత సమస్య. చిన్నాయనతో "ఎప్పుడైనా, ఎక్కడైనా పోవచ్చు సార్" అన్నారట. ఫైలు పన్నెండో పేజీలో, చిన్న అక్షరాల్లో, "గదుల లభ్యతను బట్టి" అని ఉంది. ఆ కింద ఇంకో వాక్యం: ఈ ఒప్పందంలో రాయని ఏ మాటా కంపెనీని కట్టి ఉంచదు. చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని ఆ లైను మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. పదేళ్లలో ఆ పేజీ దాకా రావడం అదే మొదటిసారి అన్నాడు. ఆయన్ను నేను తప్పుపట్టను. ముప్పై పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు చేతికిచ్చి, పక్కన మిక్సీ డబ్బా పెట్టి, "ఈరోజే సంతకం" అంటే ఎవరైనా అంతే చేస్తారు.

పాత మెంబర్ దగ్గర కొంటే

ధర తక్కువ, ఇది అందరికీ తెలిసిందే. నాకు ఇంకో లాభం పెద్దదిగా కనబడింది. పాత మెంబర్ దగ్గర పదేళ్ల బిల్లులుంటాయి. కొత్తది అమ్మేవాడు "ఏఎస్ఎఫ్ కొద్దికొద్దిగా పెరుగుతుంది" అంటాడు. చిన్నాయన ఫైల్లో పది బిల్లులు వరుసగా ఉన్నాయి. ఎంత నుంచి ఎంతకు పెరిగిందో కాగితం మీదే కనబడుతోంది. గది అడిగితే ఎన్నిసార్లు దొరికింది, ఎన్నిసార్లు వెయిటింగ్‌లో పెట్టారు అన్నది కూడా ఆయన నోటి నుంచే వినొచ్చు.

పోయేవి కూడా ఉన్నాయి. బదిలీకి కంపెనీ ఫీజు తీసుకుంటుంది. మెంబర్‌షిప్ ఫీజు మొత్తం, పాత ఏఎస్ఎఫ్ బాకీలు తీరితే తప్ప పేరు మార్చదు. మిగిలిన గడువే వస్తుంది. మొదటి మెంబరు వాడుకోకుండా కూడబెట్టుకున్న రాత్రులు కొత్తవాళ్లకు రాకపోవచ్చు. వోచర్లు, కొన్ని రిసార్టులు, ఎక్స్ఛేంజ్ సౌకర్యం ఆగిపోవచ్చు. ఇది మన దేశంలో మాత్రమే ఉన్న పద్ధతి కాదు. అమెరికాలో టైంషేర్ అమ్మే డిస్నీ వెకేషన్ క్లబ్ 2019 జనవరి 19 తర్వాత పాతవాళ్ల దగ్గర కొన్నవాళ్లకు తన కొత్త రిసార్టుల్లో చోటు లేకుండా నిబంధన పెట్టింది. పైగా, అమ్మకం కుదిరాక అదే ధరకు తానే కొనుక్కునే మొదటి హక్కు కూడా ఆ కంపెనీకి ఉంటుంది.

కాబట్టి కంపెనీ ఫోనులో "బెనిఫిట్లు రావు" అన్నది పూర్తిగా అబద్ధం కాదు. ఏవి రావు, ఏవి వస్తాయి అన్నది ఆ ఫోను చెప్పలేదు. తేడా అంతా అక్కడే ఉంది. మొదటి ఏడాది వోచర్ పోతే పోయేది కొద్ది వేలు. సగం రిసార్టుల్లో చోటు పోతే ధర ఎంత తగ్గినా గిట్టదు.

ఒక లెక్క వేసి చూద్దాం

కింద అంకెలు ఏ కంపెనీవీ కావు. లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి. పన్నులు అందులోనే కలిపాను.

కొత్తది: 25 ఏళ్లు, ఏడాదికి 7 రాత్రులు, ధర 5,00,000 రూపాయలు. పాతది: 15 ఏళ్లు మిగిలుంది, ధర 1,50,000, బదిలీ ఫీజు 30,000, మొత్తం 1,80,000. రెండింటికీ ఏఎస్ఎఫ్ ఈ ఏడాది 20,000.

ముందుగా ధరను రాత్రుల మీద పంచుదాం. కొత్తదానికి 175 రాత్రులు, రాత్రికి 2,857 రూపాయలు. పాతదానికి 105 రాత్రులు, రాత్రికి 1,714. ఈ ఏడాది ఏఎస్ఎఫ్ రెండింటికీ రాత్రికి 2,857 పడుతుంది. కలిపితే కొత్తది 5,714, పాతది 4,571. హాల్లో తెల్లబోర్డు మీద వేసే లెక్క సాధారణంగా ఇంతవరకూ కూడా రాదు, ధర దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు ఏఎస్ఎఫ్ ఏటా 6 శాతం పెరుగుతుందనుకుందాం. పదిహేనో ఏడు అది సుమారు 45,200 అవుతుంది. ఇరవై అయిదో ఏడు సుమారు 81,000. మొదటి 15 ఏళ్లలో కట్టే ఏఎస్ఎఫ్ మొత్తం 4,65,500. పాతికేళ్లలో 10,97,300.

ఈ చివరి అంకె చూసి మాస్టరు కాసేపు మాట్లాడలేదు. అయిదు లక్షల వస్తువుకు పదకొండు లక్షల మెయింటెనెన్స్. కొత్తది మొత్తం 15,97,300, రాత్రికి 9,127. పాతది మొత్తం 6,45,500, రాత్రికి 6,148. ఒకటి పాతికేళ్లది, ఇంకొకటి పదిహేనేళ్లది కాబట్టి ఈ రెండు అంకెల్ని తిన్నగా పోల్చకూడదు. కొత్తదానిలో ఖరీదైన చివరి పదేళ్లు కూడా కలిశాయి. అయినా ఒక విషయం మాత్రం తేలింది. పాతది కొంటే తగ్గేది ప్రవేశ ధర ఒక్కటే. ఏఎస్ఎఫ్ ఎవరి దగ్గర కొన్నా ఒకటే. పదహారు లక్షల్లో మనం బేరమాడుతున్నది అయిదు లక్షల గురించి.

ఇంకో అడుగు వేద్దాం. పాతది కొన్నవాళ్లు పదిహేనేళ్లలో తొమ్మిదేళ్లే వాడుకున్నారనుకుందాం. పిల్లల పదో తరగతి, ఇంట్లో పెళ్లి, పెద్దల ఆరోగ్యం, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. రాత్రులు 63 అవుతాయి. రాత్రికి 10,246 పడుతుంది. ప్రతి ఏడూ వదలకుండా వాడుకున్న కొత్త మెంబరుకు పడే 9,127 కన్నా ఎక్కువే. చవగ్గా కొన్న వంతు, నీళ్లు పారించుకోకపోతే, ఖరీదు పెట్టి కొన్న వంతు కన్నా భారమవుతుంది.

రెండూ కొనకుండా ఉండిపోతే? అయిదు లక్షలు 6.5 శాతానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 32,500 వడ్డీ. కట్టకుండా మిగిలిన ఏఎస్ఎఫ్ 20,000 కలిపితే 52,500. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 7,500 రూపాయల గది తీసుకోవచ్చు, అసలు అయిదు లక్షలు అలాగే ఉంటాయి. వడ్డీ మీద టాక్సు ఉన్నవాళ్లకు కొంత తగ్గుతుంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లోపు గదులకు జీఎస్టీ 5 శాతమే, మెంబర్‌షిప్ సేవల మీద 18 శాతం. అదే లెక్క పాతదాని ధరతో వేస్తే 1,80,000 మీద వడ్డీ 11,700, ఏఎస్ఎఫ్‌తో కలిపి 31,700, రాత్రికి 4,529. ఆ ధరకు మే నెలలో ఊటీలో, నలుగురు పట్టే, వంట చేసుకునే వీలున్న గది దొరకడం కష్టం. ఇక్కడే పాత మెంబర్‌షిప్‌కు కొంత బలం వస్తుంది.

మెంబర్‌షిప్ పక్షాన చెప్పేవాళ్ల వాదన కూడా తేలికగా తీసిపారేయదగ్గది కాదు. హోటల్ బాడుగలు కూడా ఏటా పెరుగుతాయి, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ పెరగదు. డబ్బు ముందే కట్టి ఉంటే ఇంట్లో అందరూ కదులుతారు, లేకపోతే ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాం" అంటూనే పోతుంది. నాకు తెలిసిన ఒక డాక్టరమ్మ కుటుంబం పద్నాలుగేళ్లుగా ఒక్క ఏడు తప్పకుండా వెళ్తున్నారు. వాళ్లకు అది గిట్టింది. వాళ్లకు గిట్టడానికి, చిన్నాయనకు గిట్టకపోవడానికి కారణం ధర కాదు.

మే నెల ఎవరిది?

కారణం సెలవులు. అనంతపురంలో టీచర్ల కుటుంబం ఊరు దాటేది ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం లోపలే. ఎండ 42 డిగ్రీలు దాటే రోజులు. పిల్లలకు సెలవులు, పెద్దలకు సెలవులు. ఊటీ, కొడైకెనాల్, కూర్గ్, మున్నార్‌కు అందరూ పరుగెత్తేదీ అప్పుడే. ఊటీ పూల ప్రదర్శన కూడా మే నెలలోనే. కాబట్టి కొండ ప్రాంతాల రిసార్టుల్లో ఆ వారాలన్నీ ఖరీదైన రంగులోకి పోతాయి. పైరంగు కొన్నవాళ్లు కింది రంగు రోజుల్లో పోవచ్చు. కింది రంగువాళ్లు పైకి రావడం మామూలుగా కుదరదు.

చిన్నాయన కొన్నది తెల్లరంగు. "అదైతే లక్ష తక్కువ సార్" అన్నారు, ఆయన తీసుకున్నాడు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ తెల్లరంగు వారాల్లో ఆయన బడి నడుస్తూనే ఉంది. బావిలో వంతు ఉంది, ఆ వంతు వచ్చిన రోజున మాత్రం ఆయన పొలంలో లేడు. పదేళ్లలో రెండు ట్రిప్పులు కావడానికి మూలం ఇదే. ఒకటి అమ్మాయి పెళ్లయ్యాక ఆయన సెలవు పెట్టి వెళ్లినది, ఇంకొకటి దసరా సెలవుల్లో ఎలాగో దొరికింది.

పాతవి అమ్మకానికి వచ్చే చోట ఇలాంటి కింది రంగులు ఎక్కువగా కనబడటంలో ఆశ్చర్యం లేదు. మొదటి యజమానికి పనికిరానిదే ముందుగా బయటికొస్తుంది. రెండో యజమాని రోజులు వేరైతే అదే ఆయనకు మంచి బేరం. సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు, రిటైరైనవాళ్లకు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు జూలై, ఆగస్టు వానల్లో కూర్గ్ దొరికితే చాలు. బడి గంటకు కట్టుబడినవాళ్లకు అది ఎంత చవగ్గా వచ్చినా అక్కరకు రాదు. రంగుల పట్టిక రిసార్టును బట్టి మారుతుంది కూడా. కొండ మీద ఖరీదైన వారం సముద్రం ఒడ్డున వేరే రంగులో ఉండొచ్చు.

"మీ మెంబర్‌షిప్‌కు పార్టీ రెడీగా ఉంది" అనే ఫోన్లు

పాతది అమ్మాలనుకునేవాళ్ల చుట్టూ ఇంకో రకం వ్యాపారం తిరుగుతోంది. చిన్నాయనకు నిరుడు ఒక ఫోనొచ్చింది. మెంబర్‌షిప్ నంబరు, కొన్న సంవత్సరం అన్నీ వాళ్లే చెప్పారు. "నాలుగున్నర లక్షలకు కొనే కంపెనీ ఉంది సార్, జీఎస్టీ 81,000 ముందు మీరు కట్టండి, రెండూ కలిపి వెనక్కి వస్తాయి." నాలుగున్నర లక్షల మీద 18 శాతం సరిగ్గా 81,000. లెక్క అంత కచ్చితంగా ఉండేసరికి ఆయనకు నమ్మకం కుదిరింది. నెఫ్ట్ చేయడానికి బ్యాంకుకు బయల్దేరుతూ దారిలో నాకు ఫోను చేశాడు కాబట్టి ఆగింది.

జీఎస్టీ అమ్మే వ్యాపారి కొనేవాళ్ల దగ్గర వసూలు చేసి ప్రభుత్వానికి కట్టేది. సొంతానికి కొనుక్కున్నదాన్ని అమ్ముకునే రిటైర్డ్ హెడ్‌మాస్టరు బ్రోకరు ఖాతాలో ముందుగా వేసే జీఎస్టీ అంటూ ఏదీ లేదు. నిజంగా కొనేవాళ్లుంటే ఖర్చులు ధరలో కోసుకుని మిగతాది ఇస్తారు. ఇలా డబ్బు పోయినప్పుడు సైబర్ నేరాల నంబరు 1930కి వెంటనే చెబితే ఆ సొమ్ము ఖాతా దాటకుండా ఆపే అవకాశం కొంతైనా ఉంటుంది.

సెలవులతో పాటు "రాబడి" కూడా ఇస్తామనే పథకాలది ఇంకో దారి. హాలిడే ప్లాన్ పేరుతో జనం దగ్గర డబ్బు తీసుకున్న రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్‌ను 2015లో సెబీ అనుమతి లేని పెట్టుబడి పథకంగా తేల్చింది. వాడుకోకపోతే వడ్డీతో తిరిగిస్తామన్న మాట వచ్చిందంటే అది టైంషేర్ దాటి పెట్టుబడిలోకి పోయినట్టే.

గొడవ వస్తే ఎవరి మీద, ఎక్కడ?

కొత్తది కొన్నవాళ్ల దారి స్పష్టంగా ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కొన్నవాళ్లు తాము ఉండే ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చు. అగ్రిమెంటులో "ముంబయి కోర్టుల్లోనే" అని రాసి ఉన్నా అనంతపురం జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే వింటుంది, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ నిబంధన ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. గొడవకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల లోపల వెళ్లాలి. హెల్ప్‌లైన్ నంబరు 1915.

పాతది కొన్నవాళ్లకు పేరు మారాక ఇవన్నీ కంపెనీ మీద వర్తిస్తాయి. పేరు మారకముందు చిక్కు. కంపెనీకీ వాళ్లకూ ఒప్పందం లేదు. అమ్మిన మనిషి మీద పోదామంటే ఆయన వ్యాపారి కాడు, సేవలమ్మేవాడు కాడు. సివిల్ కోర్టు దారే మిగులుతుంది. ఎంత నడవాలో మన ఊళ్లో భూమి తగాదాలున్నవాళ్లను అడిగితే చెబుతారు. కాబట్టి అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కంపెనీ ముగ్గురూ సంతకం పెట్టిన బదిలీ కాగితం వచ్చేదాకా పాతదాని విలువ అమ్మేవాళ్ల మంచితనం మీదే ఆధారపడి ఉంటుంది.

కంపెనీ ఇచ్చిన జవాబు

ఆ సాయంత్రం చిన్నాయన ఫోన్లోంచే కంపెనీకి ఒక మెయిల్ రాశాం. బాకీ ఎంత, బదిలీ ఫీజు ఎంత, పేరు మారాక ఏవి ఆగిపోతాయి, కూడిన రాత్రుల సంగతేంటి, ఈ రంగుకు ఏ రిసార్టులో ఏ వారాలు. పన్నెండు రోజులకు జవాబొచ్చింది. రెండేళ్ల ఏఎస్ఎఫ్ బాకీ ఉంది. కూడిన రాత్రులు కొత్త పేరుకు రావు, పాత మెంబర్ మాత్రం బాకీ కట్టి వాడుకోవచ్చు. ఎక్స్ఛేంజ్ సభ్యత్వం విడిగా తీసుకోవాలి. చివర్లో రంగుల పట్టిక.

మాస్టరు పెన్ను తీసుకుని తన సెలవుల వారాలకు ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ పోయాడు. వేసవిలో కొండల మీద ఒక్కటీ రాలేదు. సంక్రాంతి సెలవుల్లో రెండు వారాలు కుదిరాయి, పండక్కి తాడిపత్రిలో అత్తగారింటికి పోకుండా ఉండటం ఆయన వల్ల కాదు. చిన్నాయన ఆ పట్టికను తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"నీకిది పనికిరాదప్పా," అన్నాడు. "ఏమే, నీ మోకాళ్లు జూలైకి ఎట్లుంటాయి?" అని లోపలికి కేకేశాడు.

చిన్నమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రిసార్టులో మెట్లున్నాయా, లిఫ్టు ఉందా అని అడిగింది. మాస్టరు ఫోన్లో చూసి కింది అంతస్తు గదులున్నాయని చెప్పాడు. కంపెనీ సేల్స్‌మన్‌కు ఆయన అక్కడే కూర్చుని ఒక మెసేజ్ పెట్టాడు: ముందు అగ్రిమెంటు కాపీ, పైరంగుకు అయిదేళ్ల ఏఎస్ఎఫ్ రేట్లు పంపండి, చదివాక మాట్లాడదాం. రెండేళ్ల బాకీ కట్టాక చిన్నాయనకు గది ఖాయమైంది. జూలై రెండో వారం, కూర్గ్, ఆరు రాత్రులు.